ముడి

గరికిన తాతారావు, అరవై మూడు.
కుర్రతనంలో వల, తర్వాత పోర్టులో బొగ్గు బెర్తు.
రెండేళ్ళ కిందటి గాజుపలక పక్కన
నిన్నటిది పెట్టాను.

కుడి ఊపిరితిత్తిలోంచి అప్పుడు తీసింది
గదులు గదులుగా ఉండేది.
ఎడమవైపు ఇప్పుడిది
దాని పిల్లా, ఎవరికీ ఏమీ కానిదా?

పిల్లైతే నాలుగో దశ.
వేరైతే కత్తికి అందొచ్చు.
బయట బెంచీ మీద నూకరత్నం
"కొత్తదే అవ్వాల తల్లీ" అని
కనకమాలచ్చిమికి మొక్కుతోంది.
ఇంకో కేన్సరు కోసం మొక్కే మనిషిని
ఇదే చూడటం.

మొన్న తాతారావే అన్నాడు:
"ముడి సూత్తే సాలు డాట్రమ్మా,
వల ఎవుడి సెయ్యో తెలిసిపోద్ది."

లెన్సు తిప్పాను.
గదుల్లేవు. గులాబీ సుడులు,
పొర మీద పొర చుట్టుకున్న ముత్యాలు.
పాతదాన్ని గోధుమరంగు చేసిన మందు
దీన్ని అంటుకోనే లేదు.
వేరే చెయ్యి.

వేరే చెయ్యే, కానీ
అదే బొగ్గు దుమ్ము, అదే చుట్ట పొగ,
అదే మనిషి.
రిపోర్టులో "రెండో ప్రైమరీ" అని రాసి
సంతకం దగ్గర కాసేపు ఆగాను.

"కొత్తదేనా అమ్మా?"
తలూపాను.
నూకరత్నం చెంగు ముడి విప్పి
రెండు టీలకి చిల్లర లెక్కపెట్టుకుంది.