మూడు నొక్కుల పిడి

బెంగళూరు నుంచి వచ్చినాయన
మా వసారాలో తెల్లగుడ్డ పరిచి
మా కత్తులే మాకు చూపిస్తా ఉండాడు,
ఒక్కోదానికీ దారంతో చీటీ కట్టి.

"గురవాచారి మొదటి రకం.
పిడికి నాలుగు నొక్కులు, వేలికొకటి."
ఔను. బండిచక్రం పట్టా కాల్చి సాగ్గొట్టింది.
పలమనేరు సంతలో ఏడ్రూపాయలు.

"రెండో రకం. మొన వంగింది."
వంచమన్నది గంగవరం చెరుకుతోటోళ్లు,
ఆకు దుయ్యను బాగుంటాదని.
అప్పటికి బండ్లు పోయి
లారీ కమాను పట్టాలొచ్చినాయి.

మూడోది రెండు చేతుల్తో ఎత్తినాడు, పసిబిడ్డ మాదిరి.
"మూడే నొక్కులు! ఏం నాజూకమ్మా!
ఎందుకు మార్చినాడో ఎవురూ చెప్పలేకపోయినారు."

ఆ పొద్దు సమ్మెట ఏసేది నేనే.
చంటోడికి జరం, మూడు రాత్రులు నిద్ర లేదు.
ఒక్క రెప్పపాటు.
దాగలి మీద చిటికెనవేలు.

నన్ను ఒక్క మాట అన్లేదు.
నెల దాటినాక చింతచేవ ముక్క తీసి
మిగిలిన వేళ్లు ఆనించి
బొగ్గుతో గీత గీసుకున్నాడు. అంతే.

"మీకేమైనా తెలుసా?" అన్నాడాయన.
తల అడ్డంగా ఊపినా.

నాలుగో రకం ఆయన చీటీల్లో లేదు.
పిడి లావు, సైకిల్ ట్యూబు చుట్టుంటాది,
వణికే చెయ్యి జారకుండా.
వంటింట్లో గుమ్మడికాయ పక్కనుంది.

పులుసు బాగుందని
రెండోసారి పోయించుకున్నాడు.