గుండీల డబ్బా

గ్రిమ్స్‌బీ రేవులో రాత్రి పదింటికి షిఫ్టు.
గ్లవ్సు తొడుక్కునే ముందు విలియా
ఎడమ అరచేతిలో నాలుగు ఇంగ్లీషు మాటలు రాసుకుంటుంది.
తెల్లారి గ్లవ్సు తీసేసరికి
చెమటకి రెండు చెరిగిపోయి ఉంటాయి.
మిగిలినవే నావి, అంటుంది.

కాడ్ చేప ముల్లు లాగుతూ
నోరు తిరగని మాటని దవడలో నానబెడుతుంది:
మెటిక్యులస్. మెటిక్యులస్.
మెషీన్ల హోరులో ఎవరికీ వినపడదు.
అక్కడే పుట్టిన మా ఫోర్‌మన్ బ్రెట్
రోజంతా వాడేది యాభై మాటలు,
అందులో సగం బూతులు.
నీకెందుకే ఇన్ని, చేపలకి చెబుతావా, అన్నాను.
"మా అమ్మమ్మ డబ్బాలో గుండీలు దాచేది.
కోట్లు తర్వాత వచ్చేవి."

మాదొకటే గది.
ఆమె మంచం పక్క గోడ నిండా పసుపు చీటీలు.
హీటర్ వేస్తే జిగురు వదిలి
నా దిండు మీద రాలేవి.
'రిలక్టెంట్' ఒకటి నా జుట్టులో చిక్కుకుని
ఫ్యాక్టరీ దాకా వచ్చింది.
అంటే ఏమిటని అడిగాను.
కాళ్లు వెనక్కి లాగడం, అంది,
మనసు అప్పటికే వెళ్లిపోయాక కాదు,
వెళ్లకముందు.

ఫిబ్రవరిలో స్టోయన్ చెయ్యి బెల్టులో పడింది.
రెండు వేళ్లు.
ఆ గార్డు ఊడి పదకొండు రోజులని
లైనులో అందరికీ తెలుసు.
సాక్షి సంతకాలు కావాలన్నారు.
కాగితం ముందే రాసి ఉంది: యాక్సిడెంట్.

ముందు నన్ను పిలిచారు.
నేను చూడలేదు, అన్నాను.
నాకున్న ఇంగ్లీషుకి ఆ రెండు ముక్కలు చాలు.

విలియా చదివింది. మళ్లీ చదివింది.
బ్రెట్ గడియారం చూసుకున్నాడు.
ఆమె పుస్తకంలో
పొరపాటు, దురదృష్టం, యాక్సిడెంట్, నెగ్లిజెన్స్
ఒకే గడిలో ఇరుక్కుని కూర్చుంటాయి,
దాదాపు ఒకే అర్థమని.
దాదాపు అంటే
ఎన్ని వేళ్లు?

కొట్టేసింది. పైన రాసింది,
ముల్లు తీసినంత నిదానంగా:
నెగ్లిజెన్స్.
స్పెల్లింగులో ఒక అక్షరం తప్పు.
సరిగ్గా దాని మీదే వేలు పెట్టి చూపించాడు బ్రెట్.
అతనికి పదీ ఉన్నాయి.

థాంక్యూ, అని దిద్దుకుంది.
సంతకం చేసింది.

మరుసటి వారం ఆమెని ఐసు గదికి మార్చారు.
అక్కడ పెన్ను గడ్డకట్టిపోతుందట.
దారిలో ఆగి
పెన్సిల్ కొనుక్కుంది.
ఇంకోటి నాకూ తెచ్చింది,
చెక్కకుండా.