ఇరవై ఏడో నంబరు

మా లిస్‌గారివ్ కాలనీలో
ఇరవై ఆరు తర్వాత ముప్ఫై ఒకటి వస్తుంది.
మధ్యలో నాలుగిళ్ళు లేవు.
అవి ఉండాల్సిన చోట ఒక గుండ్రటి మట్టికట్ట,
దాన్ని చుట్టుకుని సగం పూడిన కందకం,
కట్ట మీద పదకొండు ముళ్ళ హాథార్న్ చెట్లు.
పన్నెండోది గాలివానకు పోయింది,
దాని మొదలు దగ్గర ఎవరిదో పిల్లి పడుకుంటుంది.

లిస్ అంటే దొడ్డి. గారివ్ అంటే గరుకు.
ఆ మాట తెలిసినవాళ్ళు కాలనీలో ముగ్గురం.

కౌన్సిల్ తరఫున ఇక్కడ గడ్డి కోసేది నేనే,
ఇరవై రెండేళ్ళుగా.
యంత్రాన్ని కందకంలోకి దింపకూడదని కాగితం మీద ఉంది.
దింపకూడదని మా మేస్త్రీ ఫాక్నా నోటితోనూ చెప్పాడు.
రెండిటికీ కారణం ఒకటి కాదు.
కాగితానికి చట్టం.
ఫాక్నాకు వాళ్ళ పెదనాన్న కుడిచెయ్యి.
ఏమైంది ఆ చేతికి అంటే
"కొమ్మ నరికాడు" అని
ఫ్లాస్కు మూత బిగించాడు.
ఇంకో మాట రాలేదు.

పన్నెండు వందల ఏళ్ళ కిందట
ఇదొక రైతు ఇల్లు, అంతే.
మ్యాపులో కోట అని ఉందని
ఒక జంట కెమెరాతో వచ్చి
బురుజేదీ అని నన్నే అడిగారు.
బురుజు లేదమ్మా.
ఆవులున్నాయి, ఆవుల్ని తోలుకుపోయే పొరుగూరివాళ్ళున్నారు,
చీకటి పడేసరికి మందని లోపలికి మళ్ళించి
తడిక అడ్డం పెట్టుకుని
చెవి తెరిచి పడుకున్న మనుషులున్నారు.
ఇప్పుడు ప్రతి గుమ్మానికీ ఒక చిన్న నీలం దీపం,
నేను నడిస్తే వెలుగుతుంది.

పోయిన చలికాలం పిల్లలు
ఇరవై ఏడుకి పిజ్జా తెప్పించారు.
డెలివరీ కుర్రాడు వాగ్నర్, బ్రెజిల్ వాడు,
ఫోనులో సూది చూపించిన చోటికి
బూట్ల నిండా బురదతో కట్టెక్కి దిగి
సరిగ్గా నడిమధ్యన నిలబడి ఫోన్ చేశాడు.
పొదలో మోగింది, పొద నవ్వింది.
అతను తిట్టలేదు.
హెల్మెట్ తీసి, కింద కూర్చుని
పెట్టె తెరిచి తినడం మొదలెట్టాడు.
ఒక్కొక్కరే బయటికొచ్చారు పిల్లలు,
చేతులు చాపుకుంటూ.
ఆ ఇంట్లో ఎన్నాళ్ళకో
పొగలు కక్కే వేడి తిండి.

ఇక ఈ ఎండాకాలం సంగతి.
నలభై రోజులు చినుకు లేదు.
పైపుతో నీళ్ళు పోస్తే జరిమానా.
లాన్లన్నీ బిస్కెట్ రంగుకి తిరిగాయి.
ఇరవై ఆరులో ఉండే డెర్విల్లా హెనెబ్రీ
ఇరవై ఐదు మీద ఫిర్యాదు పెట్టింది:
ఒనోరా టూమీ దొంగచాటుగా రాత్రిళ్ళు తడుపుతోంది,
చూడండి, పెరట్లో రెండడుగుల పట్టీ
పచ్చగా నిగనిగలాడుతోంది అని.
వాళ్ళిద్దరికీ మాటల్లేక ఆరేళ్ళు.
కంచె జానెడు ఇటా అటా అన్నది తగువు.

విచారణకు నన్ను పంపారు, గడ్డి తెలిసినవాణ్ణని.
మోకాళ్ళ మీద కూర్చుని చూశాను.
పచ్చపట్టీ ఒనోరా పెరట్లో కొంచెం వంగింది,
షెడ్డు కిందికి దూరింది,
కంచె కింద నుంచి
ఫిర్యాదుదారు లాన్‌లోకే నడిచింది,
బార్బెక్యూ పక్క నుంచి, ట్రాంపొలిన్ కింద నుంచి,
గోడ దాటి
కట్ట చుట్టూ వెళ్ళిపోయింది.

రెండో కందకం.
కట్టినవాళ్ళు చదును చేసి ఇళ్ళమ్మారు.
మట్టి కింద అది ఇంకా లోతుగానే ఉంది,
ఇంకా తడిగానే ఉంది.

ఇద్దర్నీ పిలిచి చూపించాను.
చేతులు కట్టుకుని చూశారు.
"అంటే మేమిద్దరం లోపలివాళ్ళమా?" అంది ఒనోరా.
డెర్విల్లా ఏమీ అనలేదు. కాసేపటికి
బార్బెక్యూని పక్కకి జరిపింది.

కంచె అక్కడే ఉంది. వాన వచ్చింది,
అంతా ఒకే పచ్చ.

నా ఫారం మాత్రం మిగిలిపోయింది.
నీరు పెట్టిన ఇంటి నంబరు, అని ఒక గడి.
ఇరవై ఏడు అని రాశాను.
జరిమానా నోటీసు పంపితే
అందుకునేదెవరో చూడాలి.