ఇంకో నాలుగేళ్లు

పుంటా అరేనాస్‌లో ఆ సాయంత్రం
గాలి మా తలుపును రెండుసార్లు తన్నింది.
మూడోసారి తట్టింది యాస్న.
మా చెల్లెలి కూతురు. పార్లమెంటులో దాని వయసు ఏడాదిన్నర.
"అధ్యక్ష పదవికి నిలబడమంటున్నారు మామయ్యా.
పిల్లకాకికి ఉండేలు దెబ్బేం తెలుసని
తలపండినవాళ్లు నవ్వుతున్నారు."

మాటే ఆకుల మీద వేణ్ణీళ్లు పోస్తూ విన్నాను.

ముప్ఫై నాలుగేళ్లు ఈ జలసంధిలో
పరాయి ఓడలకు దారి చూపినవాణ్ణి.
మొదటి రాత్రి నా చెయ్యి వణికింది,
ప్రతి దీపాన్నీ రెండుసార్లు చూశాను,
చుక్కాని పట్టిన కుర్రాణ్ణి కూడా లోతెంతని అడిగాను.
ఓడ రాయికి కొట్టుకున్నది ఇరవయ్యారో ఏట,
కళ్లు మూసుకుని పోగలనని
నలుగురి ముందూ అన్న వారంలో.
ఆ రాయి నాకు బాగా తెలుసు.
దానికే నేనెవరో తెలియదు.

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి,
కాదనను. కొమ్ములకు వినబడదు, అంతే.
రాజధానిలో ఇన్నేళ్లున్న చెవులకు మాత్రం
ఏం వినబడిందిలే.

ఇవేవీ చెప్పలేదు. ఒకటే అడిగాను:
"భయంగా ఉందా?"
"లేదు."
"అయితే ఇంకో నాలుగేళ్లు ఆగు."

మొహం ముడుచుకుంది.
డీజిల్ ధర, ఉన్ని ధర,
ఆసుపత్రిలో లేని ఎముకల డాక్టరు,
ఏదేదో మాట్లాడి లేచింది.
ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని
గడప దగ్గర ఆగింది.
సగం మాట గాలికి కొట్టుకుపోయింది,
మిగతా సగం విన్నాను:
"...అబద్ధం చెప్పాను మామయ్యా."

కెటిల్ మళ్లీ పొయ్యి మీద పెట్టాను.