తినక తప్పదు

కగ్గదాసపుర రైలు గేటు పడింది.
గేటు పడితే పది నిమిషాలు
మందులకని ఎవరూ రారు.
కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని
ఫోను తెరుస్తాను.
ఎదుటి మనిషి దొరికేదాకా
మూడు చుక్కలు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి.

దొరికాడు.
పేరు పక్కన వేలిగోరంత జెండా:
ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నడుమ నక్షత్రం.
ఇక్కడ రాత్రి పదకొండున్నర,
వాడికి సాయంత్రం ఆరు.
పనిలోంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడో లేదో,
నేను ఊపిరి తీసుకునేలోపు ఎత్తు వేసేస్తాడు.

పులిజూదం ఆడిన చేతులివి.
మేక మీంచి పులి దూకితే మేక పోయినట్టే,
అంతకుమించి చట్టం తెలీదు మా హిందూపురంలో.
ఇక్కడ ఒక్కో దేశానిది ఒక్కో చట్టం.
టర్కీవాళ్లు ఏటవాలుగా నడవనివ్వరు,
తిన్నగా ముందుకో, పక్కకో.
మొదటి వారం నా వేలు అలవాటుగా మూలకి పోయి
గడి ఒప్పుకోక వెనక్కి వచ్చేది.
ఇటలీలో బంటు రాజును తినకూడదు.
మా ఓనరు పుట్టరాజుకి ఆ సంగతి చెబితే
చాలాసేపు నవ్వి, "మంచి దేశం" అన్నాడు.

ఇంకోటుంది. అన్నీ పోగొట్టుకున్నవాడే గెలిచినట్టు.
అందులో నా రేటింగు పద్దెనిమిది వందలు దాటింది.
చిట్టీలు కట్టిన ఇంట్లో పుట్టినవాణ్ని,
వేరే శిక్షణ అక్కర్లేదు.

ఒకామె, ఆమే అనుకుంటున్నాను, పేరులో పువ్వుంది,
ఎత్తుకి రెండు నిమిషాలు తీసుకుంటుంది.
ఆ లోపల నేను టానిక్కుల ఎక్స్‌పైరీలు చూసుకుంటాను.
ఓడిపోతున్నామని తెలియగానే
పలక వదిలేసి పోయేవాళ్లూ ఉన్నారు.
వాళ్ల బదులు గడియారం ఆడుతూ ఉంటుంది.

ఏ దేశమైనా ఒకటి మాత్రం మారదు:
తినే వీలుంటే తినాల్సిందే.
ఆకలి లేదు, జాలేసింది, అవతల గొయ్యి కనిపిస్తోంది,
ఏదీ చెల్లదు.
వాడొక బంటును నా ఎదురుగా పెట్టి
భోజనానికి పిలిచినవాడిలా మర్యాదగా కూర్చుంటాడు.
నేను తింటాను.
వాడు నావి మూడు తింటాడు.

వంద గడుల పలక ఇది.
నా బంటు దూకింది, మళ్లీ దూకింది,
చివరి వరుసలో కాలు పెట్టింది.
తినాల్సింది ఇంకా మిగిలుంది గనక
ఆగకుండా వెనక్కి దూకింది.
కిరీటం రాలేదు.
ఇక్కడ తాకితే చాలదు, ఆగాలి.
నిన్న రాత్రి రష్యా పలక మీద
ఇదే దూకుడుకి గాల్లోనే రాజునయ్యాను,
రాజుగానే మిగతావి తిన్నాను.
అదే గడి. అదే కాలు.

తలెత్తితే గోడ మీద అద్దాల చట్రం:
కె. ఎస్. వనమాల, ఫార్మసిస్టు, రిజిస్టరు నంబరు.
ఈ నాలుగేళ్లలో ఆమె ఈ షాపు మెట్టెక్కలేదు.
నెలకింతని ఆమె కాగితానికి అద్దె పోతుంది.
నాది ఆఖరి సంవత్సరం, ఆఖరి పేపరు.
మా నాయన ఆపరేషను రోజే పడింది.

నా గడియారంలో నలభై సెకన్లు.
ఎడమ అంచున, నాలుగెత్తుల దూరంలో
గెలుపు కనిపిస్తోంది.
గేటు లేచింది.

"సార్, బేగ, జ్వర."
చెప్పుల్లేని తండ్రి, భుజం మీద పిల్ల.
ఎన్ని కిలోలు?
పదకొండన్నాడు, పదన్నాడు, తెలీదన్నాడు.
పిల్లను నా చేతుల్లోకి తీసుకున్నాను.
తొమ్మిదిన్నర.
మూత మీద పెన్నుతో గీత గీశాను, ఇంతవరకే.
ఆరు గంటల్లోపు మళ్లీ వద్దు.
తగ్గకపోతే పొద్దున్నే డాక్టరు దగ్గరికి.
చిల్లర లేదన్నాడు. రేపిమ్మన్నాను.

తిరిగొచ్చేసరికి
నా బంట్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి.
టైమైపోయి ఓడిపోయాను.
పారిపోయాననుకుని ఉంటాడు.
అక్కడ పంపుకోడానికి ఉండేవి నాలుగే మాటలు,
అందులో ఒకటి మెరుస్తోంది:
మళ్లీ?

చేతులకి పిల్ల ఒంటి వేడి ఇంకా ఉంది.
ఈసారి తెల్లవి నావి.
మొదటి బంటును ముందుకి జరిపాను.