కరకరలాడనిది

గుణుపురం రథం వెనకాల
గాజుల దుకాణాలు దాటేక
పొగ ఎటు వాలితే అటు నడిస్తే
బోనెల దాలయ్య మూకుడు.
రేకు మీద రెండు లిపుల్లో పేరు,
ఒడియాలో ఒక సున్నా ఎక్కువ పడింది,
ఎవరూ దిద్దలేదు.

నేను ఆయన మేనల్లుణ్ణి,
జీతం లేని నాలికని.
నూనెలో ఏది కొత్తగా తేలినా
ముందు నా నోరే కాలాలి.
చింతపువ్వు పకోడీకి పళ్ళు పులిసిపోయేయి.
ముంజి బజ్జీ కొరికితే
గెడ్డం మీదుగా చొక్కాలోకి వేడినీటి కాలువ.
పనసగింజలూ ఎండు నెత్తళ్ళూ కలిపి వేసినది
పేరు పెట్టకముందే అమ్ముడైపోయింది.
బెల్లప్పాకంలో దొర్లించిన మిరపకాయ తిని
ఒక పోలీసు డబ్బులిచ్చేడు.
అది మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నోట్లో పడ్డది చెవికి తెలియాల్రా" అనేవాడు మావ.
ఒకడు నములుతుంటే విని
పక్కవాడు జేబు తడుముకోవాలి, అదీ ఆయన లెక్క.
శనగపిండి బస్తా మీద కూచుని
ఘంటల మోతలోంచి, పిల్లల బూరాల్లోంచి
కరకరలు ఏరుకునేవాడు.

ఆ ఏడు
తడిసిన చీరతో ఒక సవర ముసలామె వచ్చింది.
ముక్కుకి మూడు పోగులు,
నోట్లో ఒక్క పన్నూ లేదు.
పళ్ళేలన్నీ కళ్ళతో తిరిగొచ్చి
"కరకరలాడనిది ఏటీ నేదా బాబూ?" అంది.

మావ నవ్వబోయి మానేసేడు.
లేదమ్మా అన్న మాట
ఆయన నోట్లో ఎన్నడూ వేగలేదు.
ఆమె చిల్లర మళ్ళీ కొంగున ముడేసుకుని
జనంలో కలిసిపోయింది.

తర్వాత ఏడాదంతా
మా ఇంట్లో అంబలి వేగింది.
అవును, అంబలే.
చోడి అంబలి చిక్కగా కాసి
ఐసుపండ్ల నిత్య బెహరా పెట్టెలో రాత్రంతా దాచి
గడ్డకట్టిన ఉండని మినప నురగలో ముంచి
నూనెలోకి జారవిడిస్తే
మొదటిది పేలింది.
రెండోదీ పేలింది.
పదకొండోది మావ మోచేతి మీద
వంశధార మలుపులాంటి మచ్చ గీసింది.
అత్త మూకుడు దాచేసింది.
మూడు రోజులు మాటాడలేదు.
నాలుగోనాడు బియ్యం చెరుగుతూ తనే అంది:
"ఎర్రబడేదాకా ఎందుకుంచుతావు?
తెల్లగుండగానే తియ్యి."

పైన పొర
పొర అనడానికి కూడా లేదు,
పాల మీద మీగడంత.
లోపల వెచ్చగా, జారుగా,
తెల్లారి పొలానికెళ్ళే ముందటి పులుపు.
నమలడానికేమీ దొరక్క
నేనేం చెప్పాలో తెలియక నిలబడ్డాను.
మావ నా దవడకి చెవి ఆన్చి విన్నాడు.
ఏమీ వినపడలేదు.
"కుదిరింది" అన్నాడు.

రథం రోజు ఆమె రాలేదు.
హేరా పంచమికీ రాలేదు.
పన్నెండు ఉండలు
బెహరా పుల్లైసుల మధ్య చోటద్దె కడుతూ కూచున్నాయి.
అవి అమ్మకానికి కావంటే
రేటు పెంచే నాటకమనుకున్నారు జనం.
బెహరా కూడా అలాగే అనుకున్నాడేమో
అద్దె పెంచేడు.

బాహుడా నాడు, వాన తెరిపిచ్చేక,
రథం ఇంటికి మళ్ళే వేళ
మనవరాలి భుజం పట్టుకుని వచ్చింది.
మావ పలకరించలేదు. వేయించేడు.
అడ్డాకులో పెట్టి ఊదేడు,
కడుపున పుట్టినవాళ్ళకైనా ఊదని మనిషి.

నోట్లో వేసుకుంది.
బుగ్గలు రెండూ లోపలికెళ్ళి
మెల్లగా బయటికొచ్చాయి.
తాళ్ళు లాగేవాళ్ళ కేకలకి
మూకుట్లో నూనె కూడా వణుకుతోంది.
మావ మాత్రం
చప్పుడు లేని ఆ నోటివైపు
చెవులు రిక్కించి వంగేడు.

"లుణొ టికే కొమ్" అంది.
ఉప్పు కొంచెం తక్కువ.
అని, ఇంకోదానికి చెయ్యి చాపింది.

ఉప్పు డబ్బా ఏదిరా అని
మావ నా మీద అరిచేడు.
డబ్బా ఆయన చేతిలోనే ఉంది.