రెక్క అడుగున పేరు

బడి వంటగదికి తాళం పడి మూడు వారాలు.
మూడు వందల నలభై కంచాల చప్పుడు
ఇంకా చెవుల్లోంచి పోలేదు.
పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని
మా ఆడపడుచు మొగుడు తాయిస్తో పాత వ్యాన్‌లో
కుర్కిసువో ఊబికి బయల్దేరాను.

సంచిలో రై రొట్టె, ఫ్లాస్కులో కాఫీ,
లైబ్రరీ వాళ్ళు ఇక వద్దని అమ్మేసిన సీతాకోకచిలకల పుస్తకం,
ఒక ఖాళీ దోసకాయ ఊరగాయ సీసా.
ఎన్ని నీళ్ళు పోసి కడిగినా
సోయికూర వాసన వదలదు దానికి.

తాయిస్తోకి రెక్కలున్నవేవీ పట్టవు.
హిల్లా పూలు లెక్కపెట్టుకోవడానికి వచ్చాడు.
నెల తిరిగితే ఎన్ని బకెట్ల పళ్ళవుతాయో
ఇప్పుడే గుణించి పెట్టుకుంటాడు.
ఆ చోటు ఎవరికీ చెప్పనని
దారిలో నాచేత రెండుసార్లు ఒట్టు వేయించుకున్నాడు.
కట్టుకున్నదానికే చెప్పలేదట.

పలకల బాట మీద అడుగేస్తే
కింద నీళ్ళు బుడుంగుమంటున్నాయి.
పొట్టి పైన్ చెట్లు, నా భుజం దాటనివి,
మా తాత కన్నా ముసలివట.
దోమల సంగతి చెప్పను.
చెబితే మళ్ళీ వస్తాయి.

మా భాషలో వీటి ఇంటిపేరు వెండిచుక్క.
ఒకే ఇంటిపేరు, ఇంటినిండా అక్కచెల్లెళ్ళు,
ఒకే తాను చింపి కుట్టించినట్టు
నారింజ మీద నల్ల చుక్కలు అందరికీ.
పైనుంచి చూస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.
ఎవరు ఎవరో రెక్క అడుగున రాసి ఉంటుంది.
నల్ల గీత వంకీలు తిరిగితే ఒకావిడ.
అంచు దగ్గర తెల్ల మచ్చ, బయటివైపు ఊదా మరక ఉంటే
ఇంకొకావిడ.
ఆవిడ కోసమే పదకొండు వేసవులు.

పదకొండింటిదాకా మబ్బు.
ఊబి అంతా మూత పెట్టిన గిన్నెలా ఉంది.
ఒక్క రెక్క ఆడలేదు.
దేవుడా, ఎండ పడేయి అన్నాను,
చర్చికి వెళ్ళని మొహం పెట్టుకుని.

పడేశాడు.
తెల్లపూల పొద మీద వచ్చి వాలింది ఒకతె.
రెండు రెక్కలూ బార్లా చాచి
ఆరేసిన బట్టలా ఎండ తాగుతోంది.
మోకాళ్ళ మీద కూలబడ్డాను.
ఎడమ బూటులోకి చల్లగా, తీరిగ్గా, ఊబి దిగింది.
ముయ్యి, తల్లీ, ఒక్కసారి ముయ్యి.
ముయ్యదు.
సీసా మూత మీద వేళ్ళు పడ్డాయి.
లోపల సోయికూర వాసన గుర్తొచ్చి వేళ్ళు తీసేశాను.

"నాలుగు వందల పన్నెండు!"
దూరంగా తాయిస్తో కేక.
అది లేచి బారెడు దూరంలో మళ్ళీ వాలింది,
మళ్ళీ అదే పరుపు, అదే పడక.
నేను పాక్కుంటూ వెనకాలే.
యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి ఊబిలో పాకడం
కొంగలు తప్ప ఎవరూ చూడలేదని నమ్ముతున్నాను.

అప్పుడు సూర్యుడి మీదికి ఒక మబ్బు.
పెద్దదేం కాదు, చేతిరుమాలంత.
పాడు మబ్బు, అని నోరు తెరిచానో లేదో
చలేసినట్టుంది దానికి.
మెల్లగా, అరచేతులు జోడించినట్టు,
రెక్కలు మూసింది.

తెల్ల మచ్చ.
బయట, మా పిల్లలు బల్లగుడ్డ మీద ఒలకబోసిన
బ్లూబెర్రీ సూప్ రంగు.
ఆ మరకలు ఎన్ని సోమవారాలు ఉతికానో
ఇంకెక్కడా ఇంత అందంగా అంటుకోలేదు.

పుస్తకం తెరవలేదు. చేతులు తడి.
మబ్బు ఎంతసేపుందో అంతసేపూ
మేమిద్దరం కదల్లేదు.

"నీకెన్ని, ఇర్యా?" అన్నాడు తాయిస్తో కాఫీ పోస్తూ.
"ఒకటి."
"ఒకటేనా?"
జాలిపడి తన రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు.
తిన్నాను. వాదించలేదు.

వ్యాన్ ఎక్కబోతూ ఈసారి నేను
అతనిచేత ఒట్టు వేయించాను,
ఈ చోటు ఎవరికీ చెప్పొద్దని.
దేనికోసమో అతనికి తెలీదు.
అయినా మహా గంభీరంగా వేశాడు.
ఇల్లు చేరి మెట్లెక్కేదాకా
నా ఎడమ బూటు బుడుంగు, బుడుంగు.